తోకచుక్కను కనుగొన్న వేణు బాపు

డిసెంబరు రాత్రులలో బోధన్ ప్రాంతపు చెరకు తోటల ప్రక్క నిలిచి ఆకసమును చూచినచో, అప్పుడప్పుడొక వెలుగురేఖ మెరసి మాయమగును. చుక్క రాలినదని పెద్దలందురు. నిజమునకు అది ఇసుక రేణువంతటి ధూళికణము. తోకచుక్క సూర్యుని సమీపించినపుడు దాని నుండి ధూళి విడివడి, అది నడచిన త్రోవ పొడవునను పరచుకొనును. భూమి ఏటేట ఆ త్రోవను దాటునపుడు ఆ కణములు మన వాయుమండలములో మండి ఉల్కలుగా కనబడును. ఇట్టి ధూళిని చల్లుచు తిరుగు తోకచుక్కలలో నొకదానికి హైదరాబాదున పెరిగిన యువకుని పేరు కలదు. ఆ యువకుడే వేణు బాపు.

బాపు 1927 ఆగస్టు 10వ తేదీన మద్రాసులో జన్మించెను. తండ్రి హైదరాబాదులోని నిజామియా వేధశాలలో ఉద్యోగి. అచ్చట 15 అంగుళముల దూరదర్శిని యుండెను. బాలునకు నక్షత్రములతో చెలిమి అచ్చటనే కుదిరెను. నిజాం కళాశాలలో చదువుచున్న దినములలోనే అతడు కాంతి హెచ్చుతగ్గులగు నక్షత్రములను ఓపికతో పరిశీలించి, ఫలితములను ప్రకటించెను. హైదరాబాదు ప్రభుత్వ విద్యార్థివేతనముతో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున చేరెను.

1949 జూలై 2వ తేదీన, తాను తీసిన ఛాయాచిత్రపు పలకను పరీక్షించుచుండగా, చుక్కల నడుమ మసకగా నున్న జాడ యొకటి అతని కంటబడెను. అది అంతవరకు ఎవరును ఎరుగని తోకచుక్క. ఆచార్యుడు బార్ట్ బాక్, సహాధ్యాయి న్యూకర్క్ దానిని నిర్ధారించుటలో తోడ్పడిరి. దానికి ముగ్గురి పేర్లును కలిపి పెట్టిరి. అది మరల వచ్చుటకు సుమారు 60,000 సంవత్సరములు పట్టునని లెక్కించిరి. బాపుకు డాన్హో పతకము లభించెను.

తరువాత ఆయన ఓలిన్ విల్సన్ తో కలిసి, కొన్ని నక్షత్రముల కాంతిలోని ఒక రేఖ వెడల్పును బట్టి వాని నిజమైన ప్రకాశమును తెలిసికొను మార్గమును కనుగొనెను. 1957లో ప్రకటింపబడిన ఆ ఫలితము నేటికిని వారిరువురి పేర నిలిచియున్నది.

స్వదేశమునకు వచ్చిన బాపుకు మంచి పరికరములు దొరకలేదు. నగర దీపముల కాంతి సోకని ఆకసము ముందు కావలెనని ఆయన గ్రహించెను. కాశీలోని వేధశాలను నైనితాలు కొండలకు తరలించెను. 1960లో కోడైకెనాల్ వేధశాలకు అధిపతియయ్యెను. చీకటిని వెదకుచు తమిళనాట జవ్వాది కొండలలోని కావలూరును ఎన్నుకొనెను. 1968లో అచ్చట చిన్న దూరదర్శినితో పని ప్రారంభమయ్యెను. 2.34 మీటర్ల దర్పణము గల పెద్ద దూరదర్శినిని మనదేశమందే నిర్మింపవలెనని ఆయన పూనుకొనెను. 1979లో అంతర్జాతీయ ఖగోళ సంఘమునకు అధ్యక్షుడయ్యెను. కాని ఆ దూరదర్శిని పూర్తి కాకమునుపే, 1982 ఆగస్టు 19న మ్యూనిక్ నగరములో కన్నుమూసెను. 1986లో దానికి ఆయన పేరు పెట్టిరి.

మనకు అట్టి దూరదర్శినులు లేకున్నను, ఆయన అలవరచుకొన్న ఓపికను మనమును అలవరచుకొనవచ్చును. ఏటేట డిసెంబరు 22వ తేదీ ప్రాంతమున మందమైన ఉల్కాపాత మొకటి కలుగును. సుమారు 13½ ఏండ్ల కొకసారి వచ్చు టటిల్ తోకచుక్క ధూళియే దీనికి కారణము. ఈ ఉల్కలు ధ్రువ నక్షత్రము చెంతనున్న లఘు సప్తర్షి మండలము నుండి వెలువడినట్లు తోచును. చీకటి మిక్కుటముగా నున్నచోటను గంటకు పదికి మించుట అరుదు. నిజామాబాదులో ఆ మండలము ఉత్తర దిక్కున తక్కువ ఎత్తున నుండుటచే, నాలుగైదు కనబడినను మేలే.

వెన్నెల లేని యేడు తెల్లవారుజామున మూడు గంటలకు, పెద్దలను తోడు తీసికొని, పట్టణపు దీపములకు దూరమైన పొలమునకు పొండు. చాప పరచి, గొంగడి కప్పుకొని, ఉత్తరపు ఆకసము కనబడునట్లు పరుండుడు. చాచిన చేతి పిడికిళ్లు రెండు, ఒకదానిపై నొకటి నిలిపినచో, దిగంతము నుండి ధ్రువ నక్షత్రపు ఎత్తు ఇంచుమించుగా తెలియును. అరగంట వరకు ఏ దీపమును చూడకుడు, సెల్‌ఫోనును తెరవకుడు. కన్నులు చీకటికి అలవడవలెను. ఉల్క కనబడగానే సమయమును, దిక్కును, కాంతిని వ్రాసికొనుడు. దాని రేఖను వెనుకకు పొడిగింపుడు. అది లఘు సప్తర్షి మండలమును చేరినచో ఈ ఉల్కాపాతమునకు చెందినదని తలపవచ్చును. లేనిచో దారి తప్పి వచ్చినది. గంటసేపు ఏమియు కనబడకున్నచో దానిని కూడ వ్రాయుడు. అదియు నొక పరిశీలనయే. బాపు కంటబడిన మసక జాడ అట్టి ఓపిక గలవానికే దక్కినది.