డాబర్‌మన్ దొరగారు – మన కోవకు చెందిన ఉద్యోగి

కర్నూలులో బిల్ కలెక్టరుగా ఇంటిపన్ను కోసం వీధివీధీ తిరిగినవాడిని గనుక, లూయీ డాబర్‌మన్ అంటే నాకు ప్రత్యేక అభిమానం.

ఆయన 1834లో జర్మనీలోని అపోల్డా పట్టణంలో పుట్టారు. పేరుకు దొరే గానీ చిరుద్యోగి. పన్నులు వసూలు చేసేవారు, వీధికుక్కలను పట్టేవారు. సంచిలో సర్కారు డబ్బు, దారిలో దొంగల భయం. వెంట నడిచే ధైర్యంగల కుక్క కావాలని రకరకాల కుక్కలను జతకట్టించారట. అపోల్డాలో ఏటా జరిగే కుక్కల సంత ఆయనకు కలిసివచ్చింది. అయితే దేనిని దేనితో కలిపిందీ రాసిపెట్టలేదు. (ఆఫీసు లెక్కలతోనే విసిగారేమో!) రాట్‌వైలర్, పిన్షర్ రక్తం ఉందని నిపుణుల ఊహ, అంతే. 1894లో కన్నుమూశారు. 1899లో అదే ఊరి ఓటో గోలర్ సంఘం పెట్టి, ఆ జాతికి ఆయన పేరే నిలిపారు.

రిటైరయ్యాక నేనూ ఒక డాబర్‌మన్‌ను పెంచి పోటీకి తీసుకుపోయాను. ఆరునెలలు నడక నేర్పించాను. వంశావళి కాగితాలు లేవని రింగులోకి రానివ్వలేదు. నిబంధన సబబే, కాదనను. కానీ లూయీగారు తన కుక్కతో వచ్చినా గేటు దగ్గరే ఆపేవారు కదా!

మావాడు ఇప్పుడు ఒకటో తారీఖున పెన్షనుకు బ్యాంకు దాకా నా వెంటే వస్తాడు.