ఒంటికాలిపై నిలకడ నేర్పిన గురువు

ఒంటికాలిపై నిలబడాలి. రెండో పాదాన్ని పద్మాసనంలోలా తొడ మొదట్లో ఉంచాలి. వీపు వెనక నుంచి చెయ్యి తిప్పి ఆ కాలి బొటనవేలు పట్టుకోవాలి. అలాగే ముందుకు వంగి రెండో అరచేతిని నేలకు ఆనించాలి. ఇదే అర్ధబద్ధ పద్మోత్తానాసనం. 1934లో వెలువడిన 'యోగ మకరంద' పుస్తకంలో దీన్ని వివరించిన గురువు తిరుమలై కృష్ణమాచార్య.

ఆయన 1888 నవంబరు 18న ఇప్పటి కర్ణాటకలోని చిత్రదుర్గ జిల్లాలో, తెలుగు అయ్యంగార్ల ఇంట పుట్టారు. యోగాలో తొలి గురువు తండ్రే. పదేళ్ల వయసులో ఆ తండ్రిని పోగొట్టుకున్నారు. మైసూరులో, కాశీలో శాస్త్రాలు చదివారు. అంత చదివినా యోగాతో ఇల్లు గడవక కొంతకాలం కాఫీ తోటలో పనిచేశారు. చివరికి మైసూరు మహారాజు నాల్గవ కృష్ణరాజ ఒడెయార్ ఆదరించారు. 1933లో జగన్మోహన్ ప్యాలెస్‌లో యోగశాల మొదలైంది.

అక్కడ ఆయన చాలా కఠినమైన గురువు. యోగాపై జనానికి ఆసక్తి కలిగించడానికి పిల్లల చేత కష్టమైన ఆసనాలతో ప్రదర్శనలు ఇప్పించేవారు. తగిన సాధన లేకుండానే హనుమానాసనం వేయించడంతో తొడ కండరాలు దెబ్బతిని చాలాకాలం బాధపడ్డానని, ఆయన బావమరిది, శిష్యుడు బి.కె.ఎస్. అయ్యంగార్ తర్వాత చెప్పుకొన్నారు.

1950లో యోగశాల మూతపడింది. 1952లో కృష్ణమాచార్య మద్రాసు చేరారు. అక్కడ ఆయన దగ్గరికి రోగులు, వృద్ధులు ఎక్కువగా వచ్చేవారు. దాంతో బోధన తీరు మారింది. మనిషి వయసు, బలం, జబ్బు చూసి ఆసనాన్ని మార్చి చెప్పేవారు. 96వ ఏట ఆయనకే తుంటి ఎముక విరిగింది. శస్త్రచికిత్స వద్దనుకుని, మంచం మీదే చేయగల సాధనను తనకు తాను రూపొందించుకున్నారు. 1989 ఫిబ్రవరి 28న, నూరేళ్ల వయసులో కన్నుమూశారు. తుంటి విరిగితే మాత్రం మనం వైద్యుల మాటే వినాలి. ఆయన నుంచి నేర్చుకోవలసింది, శరీరానికి తగ్గట్టు సాధన మార్చుకోవడం.

జంపనిలో ఇంటి వసారాలోనైనా, పట్నంలో అపార్ట్‌మెంట్ హాల్లోనైనా ఇలా మొదలుపెట్టండి:

* మొదట గోడ పట్టుకుని వృక్షాసనం వేయండి. పాదాన్ని మోకాలిపై ఆనించకండి.

* చూపు ఒకేచోట నిలపండి. శ్వాస బిగబట్టకండి.

* నేల మీద అర్ధపద్మాసనం సులువుగా కుదిరాకే నిలబడి ప్రయత్నించండి. మోకాలిని మెలిపెట్టకండి, కదలిక తుంటి దగ్గర రావాలి.

* వంగడం ఆఖరి మెట్టు. గురువు పక్కన ఉండగానే చేయండి.

* మోకాళ్ల నొప్పులు, డిస్క్ సమస్య, అధిక రక్తపోటు, గ్లకోమా, కళ్లు తిరగడం ఉన్నవారు, గర్భిణులు ఈ ఆసనం జోలికి వెళ్లొద్దు. పెద్దవాళ్లు వైద్యులను అడిగి, కుర్చీ పట్టుకుని తేలికపాటి నిలకడ సాధన చేస్తే చాలు.