జాన్ వెస్లీ లెక్కల పుస్తకము

మా సంఘములో ఒక సంవత్సరము కోతపండుగనాడు వేలము ముగిసిన తరువాత ఒక సంఘ పెద్ద మాయొద్దకు వచ్చి కూర్చుండెను. ఆ ఉదయము ఒక గుమ్మడికాయను దాని ధరకు ఇరువది రెట్లు పాడి కొనినవాడు ఆయనే. విశ్వాసి ఎంత ధనము కలిగియుండవచ్చును, ఎక్కడ దాటిన యెడల పాపమగును అని మమ్మును అడిగెను. వేళాకోళమునకు అడిగిన ప్రశ్న కాదు. ఆయన తండ్రి ఒకరి పొలములో జీతమునకుండి, ఆ గుడిలోనే పిడికెడు బియ్యము కానుక వేసినవాడు. ఈయన కుమారులు ముగ్గురును ఉద్యోగములలో స్థిరపడిరి. ఇంటికి రెండవ అంతస్తు లేచుచున్నది. మేము ధనవంతుని సంగతి, లాజరు సంగతి ఎత్తి ఏదో జవాబు చెప్పితిమి గాని అది మాకే తృప్తినియ్యలేదు. ఆయన అడిగినది లెక్క. మేము చెప్పినది ప్రసంగము.

వేదాంత కళాశాలలో సంఘ చరిత్ర పరీక్షకొరకు జాన్ వెస్లీ జీవితమును చదివి తేదీలు కంఠస్థము చేసితిమి. ఆ పెద్ద ప్రశ్న తరువాత అదే జీవితమును మరల తెరచి చూడగా, ఉజ్జీవముల కథ వెనుక డబ్బు కథ ఒకటి ఆరంభమునుండి అంతమువరకు నడుచుచున్నట్టు కనబడెను. ఇక్కడ ఆ కథనే వ్రాయుచున్నాము.

జాన్ వెస్లీ 1703 జూన్ నెలలో ఇంగ్లండు దేశమందలి ఎప్‌వర్త్ గ్రామములో జన్మించెను. తండ్రి సామ్యూలు వెస్లీ ఆ గ్రామ సంఘ గురువు. తల్లి సూసన్న కనిన 19 మంది పిల్లలలో జాను 15వవాడు. సగము మంది పసితనముననే చనిపోయిరి. ఆ ఇంట అప్పు ఎన్నడును తీరలేదు. 1705లో, 30 పౌనులైనను లేని బాకీకి, అప్పిచ్చినవారు ఆ గురువును లింకను కోట చెరసాలలో వేయించిరి. భర్తకు పంపుటకు ఇంట డబ్బు లేక సూసన్న తన ఉంగరములను పంపెను. ఆయన వాటిని తిప్పి పంపెను. 1709 ఫిబ్రవరిలో ఇల్లు అంటుకొనినప్పుడు ఐదేండ్ల జానును పై అంతస్తు కిటికీలోనుండి దింపిన కథను మన సండేస్కూలు పిల్లలు కూడ చెప్పగలరు. ఉంగరముల కథ మాత్రము ఎవరును చెప్పరు. గురువుల ఇండ్లలో పుట్టిన పిల్లలకు దానిని వేరుగా చెప్పనక్కరలేదని మా తలంపు.

ఇట్టి ఇంట పెరిగినవాడు డబ్బును ద్వేషింపవచ్చును, లేక దాని వెంట పరుగెత్తవచ్చును. వెస్లీ ఈ రెండును చేయక లెక్క వ్రాయుట నేర్చుకొనెను. 1726లో ఆక్స్‌ఫర్డులోని లింకను కళాశాలలో ఫెలోగా ఎన్నికైన తరువాత ఆయనకు నిలుకడగల రాబడి దొరకెను. ఆ దినములలో జరిగిన ఒక సంగతిని ఆయన ముసలితనమందును మరువలేదు. ఆయనయు ఆయన స్నేహితులును బీద పిల్లలకొరకు నడుపుచున్న బడిలోని చిన్నది ఒకతె చలికాలమందు ఒకనాడు ఆయన గదికి వచ్చెను. ఆమె ఒంటిమీద పలుచని నార గౌను తప్ప మరేమియు లేదు. ఏమైన ఇత్తమని వెస్లీ జేబులో చేయి పెట్టగా దాదాపు ఏమియు మిగిలియుండలేదు; ఉన్నదానిని అంతకు కొంచెము ముందే ఖర్చుచేసియుండెను. అప్పుడు గోడలమీది పటములు ఆయన కంటబడెను. ఈ పిల్లను చలినుండి కాపాడదగిన డబ్బు ఈ గోడలకు అలంకారమైపోయినదని ఆయన మనస్సాక్షి గద్దించెను. గోడకు పటము తగిలించుట ఏ ఆజ్ఞను మీరుట అని అడిగినయెడల ఎవరును చూపలేరు. ఆయనను పొడిచినది పటములు కావు, ఖాళీ జేబు.

ఇక లెక్క సంగతి. ఒక యువకుడు మొదటి సంవత్సరము 30 పౌనులు సంపాదించి, 28 పౌనులతో జీవించి, 2 పౌనులు బీదలకిచ్చెను. రెండవ సంవత్సరము 60 పౌనులు వచ్చెను. అప్పుడును 28తోనే జీవించి 32 ఇచ్చెను. మూడవ సంవత్సరము 90 రాగా 62, నాలుగవ సంవత్సరము 120 రాగా 92 ఇచ్చెను. వెస్లీ దీనిని తరువాత ఒక ప్రసంగములో ఎవరో ఆక్స్‌ఫర్డు యువకుని కథగా చెప్పెనుగాని ఆ యువకుడు తానేయని అందరును గ్రహించిరి. చదువరులు ఒకటి గమనింపవలెను. ఆయన తన రాబడికి హద్దు గీయలేదు, తన ఖర్చుకు గీసెను. మనము దశమ భాగమును గూర్చి బోధించునప్పుడు ఇచ్చిన పదవ వంతునే లెక్కించుచున్నాము. మిగిలిన తొమ్మిది వంతులు ఏమైనవని వెస్లీ అడిగెను.

1735లో ఆయన మిషనెరీగా అమెరికాలోని జార్జియాకు వెళ్లుట, రెండేండ్లలో విరిగిన మనస్సుతో తిరిగి వచ్చుట, 1738 మే 24న లండనులోని ఆల్డర్స్‌గేట్ వీధి కూటములో రక్షణ నిశ్చయత పొందుట, ఇవి అందరెరిగినవే. కృపచేతనే రక్షణయని నేర్చుకొనిన తరువాత ఆయన లెక్కల పుస్తకమును మూసివేయలేదని మాత్రము చెప్పవలెను. హృదయము వెచ్చబడిన సాక్ష్యములు మనలో విస్తారము. సంచి విప్పిన సాక్ష్యములు కొంచెము.

1739 ఏప్రిలులో బ్రిస్టలు పట్టణమున ఆరుబయట ప్రసంగించుట మొదలుపెట్టెను. బొగ్గు గనుల కూలీలు వేలకొలది వచ్చిరి. అక్కడ కట్టిన ప్రార్థనా మందిరముమీద అప్పు మిగిలెను. దానిని తీర్చు ఆలోచనకు 1742 ఫిబ్రవరి 15న అందరును కూడియుండగా, ప్రతి సభ్యుడు వారమునకు ఒక పెన్నీ ఇయ్యవలెనని ఫోయి అను ఓడ కెప్టెను సూచించెను. అనేకులు ఆ పెన్నీకైనను గతిలేనివారని మరియొకరు అనిరి. అట్లయిన బహు బీదలైన 11 మందిని తనకప్పగింపుడని, వారియొద్దకు వారమువారము తానే వెళ్లుదునని, వారు ఇయ్యలేనిదానిని తానే నింపుదునని ఆ కెప్టెను చెప్పెను. అట్లు ఇంటింటికి తిరుగుటలో నాయకులకు సభ్యుల బ్రదుకులు తెలియవచ్చెను, ఆత్మ సంబంధమైన పరామర్శ ఆరంభమాయెను. మెథడిస్టు సంఘములలో క్లాసు అని పేరుపొందిన ఏర్పాటు అట్లు పుట్టెను. వెస్లీ అనుచరులు హైదరాబాదు రాజ్యమునకు వచ్చినది 19వ శతాబ్దపు చివరి పాదములో. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడిన మెదకు దేవాలయపు గోపురమును తల యెత్తి చూచువారిలో, ఈ వరుస వారానికొక పెన్నీతో మొదలైనదని తలంచువారు ఎందరో తెలియదు.

లండనులో పాత ఫిరంగుల కార్ఖానా ఒకటి ఆయనకు కేంద్రస్థలమాయెను. అక్కడ బీదలకు మందులిచ్చు శాల, పిల్లలకు బడి, దిక్కులేని విధవరాండ్రకు ఇల్లు ఏర్పరచెను. ఆ విధవరాండ్రతోకూడ ఒకే బల్లయొద్ద, ఒకే భోజనము ఆయనయు ఆయన బోధకులును భుజించిరి. 1746లో అప్పు నిధి ఒకటి స్థాపించెను. ఒక్కొక్కరికి 20 షిల్లింగులు, అనగా ఒక పౌను, మూడు నెలలలో వారము వారము తిరిగి చెల్లించునట్లు ఇచ్చిరి. కొంచెము తక్కువ 31 పౌనుల మూలధనముతో 18 నెలలలో 255 మందికి సహాయము దొరకెను. తండ్రి చెరసాల పాలైన మొత్తమును కొంచెమే మించిన సొమ్ము అది! ఆ నిధినుండి 5 పౌనులు తీసికొనిన లాకింగ్టను అను చెప్పులు కుట్టువాడు పుస్తకముల అంగడి పెట్టి, లండనులో పేరుమోసిన పుస్తక వర్తకుడాయెను. ధనవంతుడైన తరువాత 1791లో తన జీవిత చరిత్ర వ్రాసి మెథడిస్టులను ఎగతాళి చేసెను. 1804లో దానికి పశ్చాత్తాపపడుచు మరియొక పుస్తకము వ్రాసెను. సహాయము పొందినవాడు ఏమగునో వెస్లీ ముందుగా ఎరుగడు. ఎరిగినను ఇచ్చియుండునని మేము నమ్ముచున్నాము.

డబ్బు వినియోగమును గూర్చి ఆయన చేసిన ప్రసంగము 1760లో అచ్చుపడెను. లూకా 16వ అధ్యాయములోని అన్యాయస్థుడైన గృహనిర్వాహకుని ఉపమానము దానికి ఆధారము. శక్తికొలది సంపాదించుట, శక్తికొలది పొదుపు చేయుట, శక్తికొలది ఇచ్చుట అను మూడు సూత్రములు అందులోనివే. మొదటిదానికి ఆయన వేసిన కంచె గట్టిది. తన ఆరోగ్యమును చెరుపుకొని గాని, పొరుగువాని దేహమునకైనను ఆస్తికైనను ఆత్మకైనను హాని చేసి గాని సంపాదింపకూడదు. సారాయి వ్యాపారము పనికిరాదు. పొరుగువాని వ్యాపారము చెడునట్లు ధర తగ్గించి అమ్మరాదు. రాబడికొరకు రోగిని త్వరగా స్వస్థపరచని వైద్యునిని కూడ ఆయన విడువలేదు. 1774లో బానిసత్వమునకు విరోధముగా ఒక చిన్న పుస్తకము వ్రాసి, బానిసల రక్తముతో వచ్చు ఐశ్వర్యముకంటె దేశమునకు బీదతనమే మేలని వాదించెను. ఇచ్చుటలోను వరుస యున్నది: మొదట తనకును తన ఇంటివారికిని అవసరమైనది, తరువాత విశ్వాస గృహమునకు చేరినవారికి, ఆ తరువాత సమస్త మనుష్యులకు. కాబట్టి భార్యాబిడ్డలను పస్తుంచి కానుక వేయుమని ఆయన చెప్పినట్టు ఎవరును అపార్థము చేసికొనకూడదు.

ఒక మాట ఇక్కడ నిజాయితీగా చెప్పవలెను. వెస్లీకి సొంత బిడ్డలు లేరు. 1751లో ఒక వర్తకుని విధవరాలిని వివాహమాడెను. ఆమె ఆస్తిని తాను ముట్టక ఆమెకును ఆమె పిల్లలకును వ్రాయించెను గాని, ఆ కాపురము సుఖముగా సాగలేదు. ఎల్లప్పుడు గుఱ్ఱముమీద తిరుగు భర్తతో ఆమె పడిన బాధను మేము తేలికగా తీసివేయజాలము. ఆడపిల్లల పెండ్లి, పిల్లల చదువు, ముసలితనము, వీటి బరువు ఆయన భుజములమీద మనమీద పడినట్లు పడలేదు. అయినను ఆయన ఈ భారములను బొత్తిగా ఎరుగనివాడు కాడు. 1749లో తమ్ముడు చార్లెసు పెండ్లికి పెండ్లికుమార్తె తల్లి జీవనాధారము చూపుమని కోరగా, తమ పుస్తకములమీది రాబడినుండి ఏటికి 100 పౌనులు వచ్చునట్లు జాను హామీ యిచ్చెను.

ఆ పుస్తకములే ఆయనకు శోధనయాయెను. బీదలు కొనగలుగునట్లు పెన్నీకి రెండు పెన్నీలకు చిన్న పుస్తకములు అచ్చువేయగా, అవి విస్తారముగా చెల్లి, తాను కోరకయే ధనవంతుడాయెను. వచ్చినది వచ్చినట్టే ఇచ్చివేసెను. జీవితకాలములో సుమారు 30,000 పౌనులు ఇచ్చెనని చెప్పుదురు. 1776లో సుంకపు అధికారులు, ఇంత పేరుగలవానియింట వెండి పాత్రలుండి తీరవలెనని తలంచి, పన్ను కట్టుమని జాబు వ్రాసిరి. తనకు లండనులో రెండు, బ్రిస్టలులో రెండు వెండి చెంచాలున్నవని, చుట్టును ఇందరు రొట్టెలేక యుండగా మరి కొననని ఆయన ప్రత్యుత్తరమిచ్చెను.

1785 జనవరిలో, 81 ఏండ్ల వయస్సున, ఆయన లండను వీధులలో భిక్షమెత్తెను. ఏటేట బీద సభ్యులకు బొగ్గులును రొట్టెయు పంచుట వాడుక. ఆ యేడు వారికి బట్టలు కూడ కావలెనని చూచెను. ఐదు దినములు ఉదయమునుండి సాయంకాలమువరకు చీలమండలవరకు కరగుచున్న మంచులో నడిచి 200 పౌనులు పోగుచేసి, ఆపైన జబ్బుపడెను. ఆ వయస్సున ఆయన ఒక జాబు వ్రాసినయెడల చాలియుండును. అయినను తానే ఇంటింటికి వెళ్లెను.

ఏలయనగా అప్పటికి ఆయన గుండెలో ఒక దిగులు చేరియుండెను. త్రాగుడు మాని, సోమరితనము విడిచి, పొదుపు నేర్చుకొనిన గనికూలీల కుమారులు అంగళ్లవారైరి, మేడలు కట్టిరి. భక్తి కష్టమును పుట్టించును, కష్టము ధనమును పుట్టించును, ధనము భక్తిని చంపును. ఈ సుడిగుండమునుండి సంఘము బయటపడు మార్గమేదని 1786లో వ్రాసిన ఒక వ్యాసములో ఆయన తలపట్టుకొనెను. మూడవ సూత్రము తప్ప వేరు మార్గము ఆయనకు కనబడలేదు. 1789లో ఒక ప్రసంగములో, 50,000 మంది మెథడిస్టులలో ఆ మూడవదానిని పాటించువారు 500 మందియైన ఉందురా అని సందేహించెను. మొదటి రెండు సూత్రములను అందరును శ్రద్ధగా నేర్చుకొనిరి. పైగా 1 తిమోతి 6వ అధ్యాయము ఆధారముగా ఆయన ధనవంతుడను మాటకిచ్చిన అర్థము మిక్కిలి ఇబ్బందికరమైనది. అన్నవస్త్రములు, తల దాచుకొను చోటు, అవసరమైనవి గాక పైన ఏమైన మిగిలినవాడు ధనవంతుడే. ఈ అర్థము ప్రకారము మా సంఘములో ధనవంతులను లెక్కించుచు పోగా, పాస్టరుగారి ఇల్లును పట్టీలో చేరెను.

అందుచేత ఆ పెద్దకు వేరొక జవాబు చెప్పుటకు ముందు, వెస్లీ వలెనే ఒక సంవత్సరము మా ఇంటి ఖర్చంతయు ఒక నోటు పుస్తకములో వ్రాసితిమి. బియ్యము, పాలు, బడి ఫీజు, మందులు, చీటీ, ఎవరికైన ఇచ్చినది. అట్టి పుస్తకమును సంవత్సరాంతమున సంఘ కమిటీ ముందు పెట్టుదుమని మొదట అనుకొంటిమి. ఏడాది గడిచెను, పెట్టలేదు. ఆ పెద్దకు మాత్రము చూపితిమి. ఆయన చాలసేపు పుటలు త్రిప్పి, ఏమియు అనక, మరునాడు తానును ఒక పుస్తకము కొనెను.

వెస్లీ తన లెక్కను 1790 జూలై 16 వరకు వ్రాసెను. అప్పటికి చూపు మందగించెను, చేయి వణకుచుండెను. పొదుపు చేయగలిగినంత చేసితిని, ఇయ్యగలిగినంత ఇచ్చితిని అను నిశ్చయత చాలునని వ్రాసి ఆ పుస్తకమును ముగించెను. 1791 మార్చి 2న లండనులో ప్రభువునందు నిద్రించెను. జనసమ్మర్దము కాకుండునట్లు 9వ తేదీన తెల్లవారక మునుపే భూస్థాపన చేసిరి. శవపు బండియు గుఱ్ఱపు బండ్లును వలదని ఆయన వీలునామాలో వ్రాసియుండెను. తన దేహమును మోయుటకు ఆరుగురు బీదవారిని పిలువవలెనని, వారికి తలా ఒక పౌను ఇయ్యవలెనని అందులోనే యుండెను. ఆ ప్రకారమే ఆరుగురు మోసిరి, 6 పౌనులు ఇచ్చిరి.