మూడోసారి పాసైన కుర్రాడు



పరీక్ష మార్కులు మీ ఫోన్‌కి మెసేజ్‌గా వచ్చిన సాయంత్రం చాలా ఇళ్లలో అన్నం సహించదు. అలాంటి సాయంత్రం కోసం ఈ కథ దాచుకోండి.

1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పారు. అంతకు ముందే, పదమూడేళ్లకే, కాశీలో యాత్రికులకు అరటిపళ్లు అమ్మి డబ్బు గడిద్దామని ఇంట్లోంచి పారిపోయారు కూడా! తల్లి వెంకమ్మగారు వెనక్కి రప్పించి మళ్లీ బడిలో కూర్చోబెట్టారు. తండ్రి అనారోగ్యంతో ఉద్యోగం ముందే మానుకున్న ఇల్లది, డబ్బుకి కటకట. అయినా ఆవిడ కొడుకు చదువు మాన్పించలేదు. మూడో ప్రయత్నంలో మద్రాసు హిందూ హైస్కూల్ నుంచి ఆయన గట్టెక్కారు.

అక్కడితో కష్టాలు తీరాయనుకుంటున్నారా? మద్రాసు మెడికల్ కాలేజీలో గాంధీగారి పిలుపు విని ఖద్దరు కోటుతో సర్జరీ క్లాసుకి వెళ్లారు. ఇంగ్లీషు ప్రొఫెసర్‌కి అది నచ్చలేదు. చివరికి ఎంబీబీఎస్ రాలేదు, దానికంటే తక్కువదైన ఎల్‌ఎంఎస్‌తో సరిపెట్టుకోవలసి వచ్చింది. ప్రభుత్వ వైద్య సర్వీసులోనూ చోటు దొరకలేదు. ఆయుర్వేద కళాశాలలో అనాటమీ పాఠాలు చెప్పుకున్నారు.

ఇంతకంటే పెద్ద దెబ్బ ఇంట్లో తగిలింది. స్ప్రూ అనే జబ్బుతో అన్నదమ్ములిద్దరు కొద్దిరోజుల తేడాలో పోయారు. తిన్నది ఒంటికి పట్టనివ్వని జబ్బది. తర్వాత ఆయనకూ సోకింది. డాక్టర్ ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద వైద్యంతో బతికి బయటపడ్డారు.

1923లో మామగారి సాయంతో, కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ ఇచ్చిన డబ్బుతో బోస్టన్ చేరారు. పగలు హార్వర్డ్‌లో చదువు, రాత్రి ఆసుపత్రిలో పోర్టర్ పని. డాక్టర్ చదువు చదివినవాడు రోగుల మలమూత్రాల పాత్రలు కడగడమంటే ఊహించుకోండి. సైరస్ ఫిస్కేతో కలిసి రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. 1929లో వాళ్లిద్దరూ కండరాల్లో ఏటీపీని గుర్తించారు (అదే ఏడు జర్మనీలో లోమన్ కూడా కనుక్కున్నారు). మీ పిల్లల బయాలజీ పుస్తకంలో ఉన్న ఏటీపీయే ఇది. ఇన్ని చేసినా హార్వర్డ్ ఆయనకు శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు.

నలభై అయిదేళ్ల వయసులో, 1940లో, లెడర్లే అనే మందుల కంపెనీలో చేరారు. మిగిలింది ఎనిమిదేళ్లే. ఆ కొద్దికాలంలో ఆయన నడిపిన బృందాల నుంచి బోదకాలు జబ్బుకి వాడే డీఈసీ మందు వచ్చింది. ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ వచ్చింది. పిల్లల బ్లడ్ క్యాన్సర్‌పై సిడ్నీ ఫార్బర్ వాడిన అమినోప్టెరిన్ వచ్చింది. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్‌ని ఇప్పటికీ వాడుతున్నారు.

అంతా బాగుందని చెప్పడం అబద్ధమవుతుంది. భార్య శేషగిరిగారిని వదిలి వెళ్లిన మనిషి మళ్లీ తిరిగి రాలేదు. పుట్టిన బిడ్డ పసితనంలోనే పోయాడు, తండ్రి చూడనే లేదు. 1948 ఆగస్టులో, యాభై మూడేళ్లకే, ఆయన అమెరికాలోనే కన్నుమూశారు. మన పిల్లలకి ఈ కథ చెప్పేటప్పుడు ఆ ఇల్లాలి సంగతి దాటెయ్యకండి.

ఒకటి మిగిలిపోయింది. 1945లో ఆయన బృందం ప్రయోగశాలలో ఫోలిక్ యాసిడ్ తయారుచేసింది. స్ప్రూకి అది మందు. అన్నదమ్ములు పోయి అప్పటికి ఇరవై ఏళ్లు దాటింది. ఇది చదువుతున్న తల్లుల్లో చాలామంది, మీ బిడ్డ కడుపులో ఉన్నప్పుడు, డాక్టరు రాసిచ్చిన ఆ మాత్ర రోజూ వేసుకునే ఉంటారు.