ఉప్పు నీటి గుట్టు విప్పిన అరీనియస్

కొనకనమిట్ల వైపు చాలా ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. పెన్నులాంటి టీడీఎస్ మీటర్‌ను గ్లాసులో ముంచి, అంకె తక్కువగా ఉంటే మంచి నీళ్లేనని నమ్మేవారిని మీరూ చూసే ఉంటారు. నిజానికి ఆ మీటర్ కొలిచేది ఉప్పును కాదు. నీటిలో కరెంటు ఎంత సులువుగా పారుతుందో చూసి, దాన్నిబట్టి లవణాలను అంచనా వేస్తుంది. ఆ సంబంధాన్ని విడమరిచి చెప్పిన శాస్త్రవేత్త స్వాంటే అరీనియస్.

ఆయన 1859 ఫిబ్రవరి 19న స్వీడన్‌లోని ఉప్సాలా సమీపంలో పుట్టారు. మూడేళ్లకే తనంతట తానే చదవడం నేర్చుకున్నారు. పొడి ఉప్పులో కరెంటు పారదు, స్వచ్ఛమైన నీటిలోనూ దాదాపు పారదు. మరి రెండూ కలిస్తే ఎందుకు పారుతుంది? దీనిపై 1884లో ఆయన ఇచ్చిన సిద్ధాంత గ్రంథాన్ని ఉప్సాలా విశ్వవిద్యాలయం అత్తెసరు మార్కులతో గట్టెక్కించింది. అయినా ఆయన నిరాశపడలేదు. దాని ప్రతులను బయటి శాస్త్రవేత్తలకు పంపారు. అది చదివిన ఓస్ట్‌వాల్డ్ స్వయంగా ఉప్సాలా వచ్చి ఆయనను కలిశారు.

1887లో అరీనియస్ తన సిద్ధాంతాన్ని పూర్తిగా వివరించారు. ఉప్పు కరగగానే సోడియం, క్లోరైడ్‌ అయాన్లుగా విడిపోయి, ధన, రుణ విద్యుదావేశాలతో నీటిలో తిరుగుతాయి. కరెంటును మోసేవి అవే. ఈ కృషికే 1903లో రసాయన శాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఆ బహుమతి అందుకున్న తొలి స్వీడన్ పౌరుడు ఆయనే. తర్వాత విషాలు, వాటి విరుగుళ్లు శరీరంలో ఎలా పనిచేస్తాయన్నదీ పరిశోధించారు. 1927 అక్టోబరు 2న కన్నుమూశారు. విరేచనాలతో నీరసించినవారికి మేం రాసే ఎలక్ట్రోలైట్స్ పరీక్షలో చూసేది కూడా ఈ అయాన్లనే.

ఇక మీ గ్లాసు సంగతి. మీటర్ అయాన్లన్నింటినీ కలిపి ఒకే అంకె చూపుతుంది, ఏది ఎంతుందో చెప్పదు. మన పశ్చిమ ప్రకాశంలో అసలు భయం ఫ్లోరైడ్. అది లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదు, వేరే నీళ్లు దొరకనప్పుడు 1.5 వరకు. మీటర్ 600 చూపే నీటిలో 3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్నా, అది మొత్తంలో అర శాతమే, మీటరుకు ఆనదు. నాలుకకూ తెలియదు. తెలిసేది పిల్లల పళ్లపై గోధుమరంగు మరకలు పడ్డాక, పెద్దల నడుము, కీళ్లు బిగుసుకున్నాక. మరిగించినా ఫ్లోరైడ్ పోదు. నీటిలోని సూక్ష్మజీవులనూ ఈ మీటర్ పట్టలేదు.

అందుకే మీటర్ అంకె చూసి ఊరుకోకండి. మీ బోరు నీటిని గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబ్‌కు పంపి, ఫ్లోరైడ్ పరీక్ష విడిగా చేయించండి.