డాక్టర్ పట్టాభి పెట్టిన ఆంధ్రా బ్యాంక్.. విలీనం లెక్కల్లో పేరుకి విలువ ఎంత?

2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంక్ యూనియన్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో కలిసిపోయింది. ఆ టైమ్‌లో తెలుగు రాష్ట్రాల్లో గట్టిగా వినిపించిన పేరు భోగరాజు పట్టాభి సీతారామయ్య. బ్యాంక్ పెట్టింది ఆయనే మరి. ఇంతకీ ఎవరీయన? ఆయన బ్యాంక్‌ని ఏ లెక్కలు చూసి కలిపేశారు?

పట్టాభి 1880 నవంబర్ 24న ఇప్పటి ఏలూరు జిల్లా గుండుగొలనులో పుట్టారు. మద్రాసులో మెడిసిన్ చదివి బందరులో ప్రాక్టీస్ పెట్టారు. తర్వాత దాన్ని వదిలేసి స్వాతంత్ర్య ఉద్యమంలోకి వెళ్లిపోయారు. మన వాళ్ల డబ్బు మన చేతుల్లో ఉండాలంటే మనకో బ్యాంక్ కావాలన్నది ఆయన పట్టుదల. అలా 1923 నవంబర్ 28న బందరులో ఆంధ్రా బ్యాంక్ మొదలైంది. చెల్లించిన మూలధనం లక్ష రూపాయలు. ఇవాళ ఆ డబ్బుతో ఓ మంచి ఫోన్ వస్తుంది, అంతే! అక్కడితో ఆగకుండా ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీ, భారతలక్ష్మీ బ్యాంక్ కూడా పెట్టారు.

రాజకీయాల్లో ఆయన ఓటమే ఎక్కువ మందికి గుర్తు. 1939 కాంగ్రెస్ అధ్యక్ష ఎన్నికల్లో గాంధీ మద్దతున్నా సుభాష్ చంద్రబోస్ చేతిలో ఓడారు. క్విట్ ఇండియా టైమ్‌లో నెహ్రూ, పటేల్‌లతో కలిసి అహ్మద్‌నగర్ కోటలో జైల్లో ఉన్నారు. 1948లో కాంగ్రెస్ అధ్యక్షుడయ్యారు, ఆ తర్వాత మధ్యప్రదేశ్ గవర్నర్‌గా చేశారు. 1959 డిసెంబర్ 17న కన్నుమూశారు.

ఆయన పోయిన ఐదేళ్లకి, 1964లో, భారతలక్ష్మీ బ్యాంక్ ఆంధ్రా బ్యాంక్‌లో విలీనమైంది. రెండూ బందరు బ్యాంకులే, రెండూ ఆయన పెట్టినవే. చిన్న బ్యాంకులు విడివిడిగా నిలబడటం కష్టమని రిజర్వ్ బ్యాంక్ దేశమంతా విలీనాలు చేయిస్తున్న రోజులవి. అప్పుడు పోయింది చిన్న బ్యాంక్ పేరు. దాని గురించి ఇవాళ ఎవరూ మాట్లాడరు.

1980లో ఆంధ్రా బ్యాంక్ జాతీయమైంది. అంటే ఓనర్ కేంద్ర ప్రభుత్వమే. 2019 ఆగస్టు 30న విలీనం ప్రకటించింది కూడా ఆ ఓనరే. మరి ఏం చూశారు? ముందుగా మొండి బకాయిలు. ఆంధ్రా బ్యాంక్ వరుసగా రెండేళ్లు వేల కోట్ల నష్టంలో ఉంది. తర్వాత టెక్నాలజీ. యూనియన్, ఆంధ్రా, కార్పొరేషన్.. మూడు బ్యాంకులూ ఫినాకిల్ సాఫ్ట్‌వేర్ మీదే నడుస్తున్నాయి. అది వేరువేరుగా ఉంటే కోట్ల ఖాతాలు ఒక చోటికి తేవడం మామూలు తలనొప్పి కాదు. ఇంకోటి బ్రాంచీలు. యూనియన్ బ్యాంక్‌ది ముంబై, ఆంధ్రా బ్యాంక్ బలం తెలుగు రాష్ట్రాల్లో, కార్పొరేషన్ బ్యాంక్‌ది మంగళూరు. ఒకరు బలంగా లేని చోట ఇంకొకరు ఉన్నారు. మూడింటి వ్యాపారం కలిపితే 14.59 లక్షల కోట్లు.

చివరికి రేటు కూడా కట్టారు. ఆంధ్రా బ్యాంక్ షేర్లు 1000 ఉంటే యూనియన్ బ్యాంక్ షేర్లు 325 ఇచ్చారు. ఆ 325లో బందరు ఊసు లేదు, పట్టాభి ఊసు లేదు. ప్రైవేట్ కంపెనీల డీల్స్‌లో బ్రాండ్‌కి విడిగా విలువ కడతారు, ఒక్కోసారి కొన్నాక కూడా పాత పేరే ఉంచుతారు. ఇక్కడ పేరైనా ఉంచమని మన నేతలు అడిగారు. ఒప్పుకోలేదు.

కస్టమర్‌కి పెద్ద మార్పు 2021 ఏప్రిల్ 1న వచ్చింది. పాత ఐఎఫ్ఎస్‌సీ కోడ్లు చెల్లకుండా పోయాయి. ఏఎన్‌డీబీ అక్షరాల స్థానంలో యూబీఐఎన్ వచ్చింది.