ఉమ్మె సలమా (రజి) చేసిన దుఆ

ఆప్తులు దూరమైనప్పుడు మన పెదవులు దుఆ చేస్తున్నా మనసు సందేహిస్తూనే ఉంటుంది. హజ్రత్ ఉమ్మె సలమా (రజి)కూ ఆ స్థితి తప్పలేదు.

మక్కా నుంచి హిజ్రత్ చేయబోతుంటే బంధువులే ఆమెను భర్త నుంచి, పసిబిడ్డ నుంచి విడదీశారు. దాదాపు ఏడాది కన్నీటితో గడిపి, చివరికి బిడ్డతో మదీనా చేరారు. హిజ్రీ 3లో ఉహుద్ యుద్ధంలో తగిలిన గాయం తిరగబెట్టి, హిజ్రీ 4లో భర్త అబూ సలమా (రజి) కన్నుమూశారు.

ఆపద వేళ, పోయినదానికన్నా మేలైనది ప్రసాదించమని అల్లాహ్‌ను వేడుకోవాలని దైవప్రవక్త (స) నేర్పారు. అబూ సలమాకన్నా మేలైనవారు ఎవరుంటారని ఆమె మనసు ప్రశ్నించింది. అయినా దుఆ మానలేదు. ఇద్దత్ ముగిశాక దైవప్రవక్త (స) నుంచే వివాహ సందేశం వచ్చింది. పిల్లలకు ఆయన నీడ దొరికింది.

మనసు కుదుటపడేదాకా మనం దుఆను వాయిదా వేయనక్కర్లేదు.